తప్పుల్లేని ఉత్తరాలు

ఆదివారం ఉదయం, లెక్కల మాస్టారి వంటిల్లు. పాలగిన్నె మీద, ఉప్పు డబ్బా మీద, కిటికీ రెక్క మీద, ఎక్కడ చూసినా పరాయి భాషలో పేర్లు రాసి అంటించిన చీటీలే. శుక్రవారం పోయిన నోటుబుక్కు కోసం మాస్టారు మూడో రోజూ వెతుకుతున్నాడు. చనిపోయిన ఆయన భార్యకి చెల్లెలు, రేవు పక్కన పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే నర్సు, బల్ల దగ్గర కూర్చుని కాఫీ తాగుతూ చూస్తోంది.

“బియ్యం డబ్బాలో చూశారా బావగారూ?”

“నోటుబుక్కు బియ్యం డబ్బాలో ఎందుకుంటుంది?”

“అన్నిచోట్లా చూశానన్నారుగా. అన్నిచోట్లా అంటే అదీ అందులోకే వస్తుంది.”

“నువ్వు సాయం చెయ్యడానికొచ్చావా, ఆట పట్టించడానికొచ్చావా?”

“రెండింటికీ. ముందు రెండోది కానివ్వండి. ఆఖరిసారి ఎక్కడ చూశారు? వరసగా చెప్పండి. మీకన్నీ వరసేగా.”

“శుక్రవారం పొద్దున ఆరింటికి ముప్ఫై మాటలు చదివాను. ఏడున్నరకి సంచీలో పెట్టాను. బళ్ళో మూడో పీరియడ్ ఖాళీ, అప్పుడు తీసి మళ్ళీ చదివాను. సాయంత్రం...”

“ఊఁ, సాయంత్రం?”

“సాయంత్రం మీ డాక్టరు నా పన్ను పూడ్చాడు. ఆ తర్వాత నాకు సరిగా గుర్తులేదు.”

“మత్తిచ్చింది చిగుళ్ళకి. బుర్రకి కాదు.”

“సగం మూతి ఉందో ఊడిందో తెలియనప్పుడు మనిషికేం గుర్తుంటుంది!”

“సరే, పోతే పోయింది. మాటలేగా, మళ్ళీ రాసుకోండి.”

“మాటలేగా అంటావేమిటి? రెండు వేల నూట నలభై మాటలు. ఎడమపక్క ఆ భాష, కుడిపక్క మనది, మధ్యలో ఎర్ర గీత.”

“రెండు వేలు నేర్చుకున్న మనిషి, మొన్న మా క్లినిక్కులో ఓడ వంటవాడు ‘బాగున్నారా’ అని అడిగితే గోడకేసి చూశారు.”

“అతను వేగంగా అడిగాడు.”

“ఒక్క మాట బావగారూ. ఒక్క మాటని ఎంత వేగంగా అంటారు?”

“నేను జవాబు కూర్చుకునేలోపు అతను లోపలికెళ్ళిపోయాడు.”

“పన్ను పీకించుకుని బయటికి కూడా వచ్చాడు. అప్పటికైనా చెప్పొచ్చుగా.”

“అప్పటికి జవాబు సిద్ధమైంది. కానీ అతను బాగున్నట్టు కనిపించలేదు. అడిగినా బాగుండదని ఊరుకున్నాను.”

“అసలు మీకు వాక్యం ఇస్త్రీ చేసి మడతపెట్టి ఉంటే తప్ప నోరు పెగలదు.”

“నీలాగా నలిగిన బట్టలతో వీధిన పడటం నావల్ల కాదు.”

“నా నలిగిన బట్టలు చూసే ఆ వంటవాడు నొప్పి మర్చిపోయి నవ్వాడు.”

“ఎందుకు నవ్వడూ! నీకొచ్చినవి నూట యాభై మాటలు. అందులో వంద నొప్పి గురించే.”

“నొప్పి, ఇంకా నొప్పి, పైన, కింద, ఉమ్మండి, అయిపోయింది. వీటితో ఒక జీవితం గడిచిపోతుంది బావగారూ. మిగతా యాభై ఓడ వాళ్ళు పన్ను పీకేటప్పుడు అరిచినవి. అవి మీ నిఘంటువులో దొరకవు.”

“దొరికాయి. పక్కన ‘వాడరాదు’ అని రాసి ఉంది.”

“అంటే వెతికారన్నమాట!”

“నువ్వు డాక్టరుతో అంటుంటే విన్నాను. అర్థం తెలియకుండా వదిలెయ్యలేకపోయాను.”

“అదీ సంగతి. నేను విని అనేస్తాను, అర్థం తర్వాత చూసుకుంటాను. మీరు అర్థం చూసుకుంటూ ఉంటారు, అనడం ఎప్పటికో.”

“జీవితమంతా నోరు తెరుచుకుని జవాబు చెప్పలేనివాళ్ళతో కబుర్లాడినదానివి. నీకెందుకుంటుంది భయం?”

“అక్క మనిద్దరిలా కాదు.”

“కాదు.”

“మాట తెలియకపోతే బొమ్మ వేసేసేది.”

“అదీ రాదు. నక్క బొమ్మ వేస్తే బూటులా ఉండేది.”

“అయినా ఆ ఉత్తరాలావిడకి అర్థమైపోయేది. ఇంతకీ ఏమైందావిడ?”

“ఎవరు?”

“ఎవరేమిటి! పోస్టల్ కోర్సులో అక్కకి జోడీగా వేసినావిడ. ఏదో దేశం. నేర్చుకునే భాష ఇద్దరికీ పరాయిదే, ఇద్దరికీ రాదు, నెలకో ఉత్తరం. మర్చిపోయారా?”

“మర్చిపోలేదు. ఆ అట్టపెట్టె వెనక చూశావా?”

“చూశాను. అక్క పోయిన సంగతి ఆవిడకి రాశారా?”

“కిటికీ కింద?”

“బావగారూ.”

“అది రాద్దామనే ఈ భాష మొదలుపెట్టాను.”

“అది పదకొండు నెలల కిందటి మాట. రాశారా, లేదా?”

“ముందు నోటుబుక్కు దొరకనీ...”

“నోటుబుక్కు నా సంచీలో ఉంది.”

“ఏమిటీ?”

“శుక్రవారం నుంచీ ఉంది. మా క్లినిక్కు కుర్చీ మీద వదిలేసి, మూతి పట్టుకుని వెళ్ళిపోయారు.”

“మూడు రోజులుగా ఇల్లంతా తిరగేశాను! ఇప్పుడు బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టాను!”

“బియ్యం డబ్బా ఒక్కటే నా పాపం. మిగతావి మీరే తిరగేసుకున్నారు.”

“ఇలా ఇవ్వు.”

“ఇస్తాను. ముందు కూర్చోండి.”

“చదివావా?”

“ముందు పేజీలు చదవలేదు, ఆవలింతలొచ్చాయి. వెనక పేజీలు చదివాను.”

“అవి నా సొంతం.”

“సొంతమైతే కింద మా అక్క పేరెందుకుంది?”

“కాఫీ చల్లారిపోతోంది, తాగు.”

“నాది అయిపోయింది. వినండి. ‘ప్రియమైన స్నేహితురాలా, నా ఆరోగ్యం కుదుటపడింది. వాతావరణం ఆహ్లాదకరంగా ఉంది. నా భర్త కుశలం.’ కింద అక్క పేరు. నా భర్త కుశలమట!”

“కుశలంగానే ఉన్నాను కదా.”

“మా అక్క జన్మలో అలా రాయదు. ‘మా ఆయన ఇవాళ మళ్ళీ చెంచాలు లెక్కపెట్టాడు’ అని రాస్తుంది. పక్కన చెంచా బొమ్మ వేస్తుంది. అది గొడుగులా ఉంటుంది.”

“ఆవిడా అంతే. వాళ్ళాయన గడియారాలు బాగుచేస్తాడట. ఇంట్లో చెప్పులు కూడా సైజు ప్రకారం పేరుస్తాడట. మొగుళ్ళని ఆడిపోసుకోవడానికే ఇద్దరూ భాష నేర్చుకున్నారు.”

“కోర్సు వాళ్ళు తెలిసే కలిపారు. పుస్తకం మొదట్లో ఉంటుంది చూడండి, మీరు ఏ రకం విద్యార్థి అని ఇరవై ప్రశ్నలు. ఒకే రకం వాళ్ళని జోడీ కడతారు. అక్క నా చేత కూడా చేయించింది. వినే రకమా, చూసే రకమా, చేసే రకమా అని.”

“నువ్వేమొచ్చావు?”

“తినే రకం. ప్రశ్నలు చదువుతూ తన బిస్కట్లన్నీ తినేశానని అక్కే రాసింది. తను మాత్రం ‘తెగించే రకం’ వచ్చింది. తప్పులకి జంకరు, బొమ్మలతో నెట్టుకొస్తారు, నియమాలు చదవరు అని.”

“నేనూ చేశాను. ‘పద్ధతి రకం. తప్పు చేస్తానేమోనని మాట్లాడరు’ అని వచ్చింది. తప్పేమోనని మళ్ళీ చేశాను. మళ్ళీ అదే వచ్చింది.”

“ఇక దారి మళ్ళించకండి. ఈ ఉత్తరాల పని ఎలా మొదలైంది?”

“మీ అక్క పోయిన రెండు వారాలకి ఆవిడ ఉత్తరం వచ్చింది. చదవడానికి నిఘంటువు కొన్నాను. ఉత్తరంతో పాటు కవరులో కోర్సు వాళ్ళ కాగితం ఉంది. మూడు ప్రశ్నలు, పక్కన ఖాళీ గీతలు. మీ ఇంట్లో ఎన్ని గదులున్నాయి, పొద్దున ఎన్నింటికి లేస్తారు, ఏ రంగు ఇష్టం.”

“అయితే?”

“ముప్ఫై ఏళ్ళుగా పిల్లల చేత ఖాళీలు పూరింపించినవాణ్ణి. ఖాళీ గీత కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు.”

“పోయినావిడ హోంవర్కు మీరు చేశారన్నమాట.”

“ఆ మూడింటికే అనుకున్నాను. అసలు సంగతి తర్వాతి ఉత్తరంలో రాద్దామనుకున్నాను. తర్వాతి ఉత్తరంలో నాలుగు ప్రశ్నలొచ్చాయి.”

“ఏ రంగు రాశారు?”

“ఏమిటి?”

“అక్కకి ఇష్టమైన రంగు.”

“ఆకుపచ్చ.”

“పసుపు.”

“పసుపా? ఎన్ని ఆకుపచ్చ బట్టలు కొన్నాను!”

“మీరు కొన్నారని వేసుకుంది.”

“ఒక్కసారీ చెప్పలేదే.”

“మీరు అడగలేదుగా. కోర్సు వాళ్ళు అడగాల్సొచ్చింది.”

“పసుపు... సరే. సరే. వచ్చే ఉత్తరంలో సవరిస్తాను.”

“ఇంకా వచ్చే ఉత్తరమా! అది సరే, చేతిరాత ఎలా కుదిర్చారు?”

“టైపు కొట్టాను. వేలు బెణికిందని రాశాను.”

“పదకొండు నెలలుగా బెణికే ఉందా?”

“నాలుగో నెలలో నయమైంది. రాతతో చిక్కొస్తుందని ఐదో నెలలో మళ్ళీ బెణికించాను.”

“నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు నాకు. ఎందుకు బావగారూ ఇదంతా?”

“గురువారం నాలుగింటికి కోర్సు ఆఖరి పరీక్ష ఉంది. ఫోనులో. జోడీ ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకోవాలి, కోర్సు వాళ్ళు వింటారు. అది అయితే సర్టిఫికెట్టు ఇస్తారు.”

“ఎవరి పేరున?”

“మీ అక్క పేరున.”

“అది ఏం చేసుకుంటారు?”

“అల్లిక సగంలో వదిలేసింది. ఈత సగంలో వదిలేసింది. డ్రైవింగు గేటుని గుద్ది వదిలేసింది. ఏదీ పూర్తి చెయ్యదని నువ్వేగా నవ్వేదానివి. ‘ఈ ఒక్కటి పూర్తిచేసి దాని మొహాన కొడతాను’ అనేది.”

“నా మొహానా?”

“నీ మొహానే. ఫ్రేము కూడా తెచ్చిపెట్టుకుంది.”

“ఎక్కడుంది అది?”

“బీరువా పైన. అందుకే ఆపలేకపోయాను. ఇక పది నిమిషాలే మిగిలాయి.”

“ఆ పది నిమిషాలు ఎవరు మాట్లాడతారు? మీకు ‘బాగున్నారా’ అంటేనే గోడ కావాలి. ...బావగారూ, నాకేసి ఎందుకలా చూస్తున్నారు?”

“మీ ఇద్దరి గొంతూ ఒకటే. ఫోనులో నేనే ఎన్నోసార్లు పొరపడ్డాను.”

“పొరపడి నాకు ఉల్లిపాయలు తెమ్మని చెప్పేవారు. తెచ్చిచ్చేదాన్ని కూడా. ఇది ఉల్లిపాయలు కాదు. మాస్టారూ, మీ బళ్ళో ఒకరి బదులు ఇంకొకరు పరీక్షకి కూర్చుంటే ఏం చేస్తారు?”

“గది బయటికి పంపిస్తాను.”

“మరి?”

“నేను గది బయటే ఉంటాను. నువ్వు లోపల మాట్లాడు.”

“అబ్బ! ఈ తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారు?”

“మాట్లాడతావా?”

“ఆ ఫ్రేము... ఎంతది?”

“ఇంత.”

“పెద్దదే తెచ్చింది రాక్షసి. సరే. మాట్లాడతాను. కానీ నాకొచ్చినవి నొప్పి, పైన, కింద.”

“ప్రశ్నలూ జవాబులూ నేను రాసిస్తాను. చూసి చదువు.”

“మీ జవాబులు చదివితే రెండో వాక్యానికే పట్టుబడతాం. అక్కలా మాట్లాడాలంటే తప్పులు మాట్లాడాలి.”

“ఎన్ని?”

“ఎన్నేమిటి?”

“నిమిషానికి ఎన్ని? ఒక లెక్క అనుకుంటే జాబితా వేసుకుందాం.”

“తప్పులకి జాబితా! దేవుడా!”

“నవ్వకు. మీ అక్క రకం తప్పులెలా ఉంటాయో నా దగ్గర నమూనా ఉంది. ఆవిడదీ అదే రకం కదా. వెనక నుంచి మూడో పేజీ తియ్యి.”

“ఈ గళ్ళేమిటి?”

“ఆవిడ ఉత్తరాల్లో తప్పుల పట్టిక. కాస్త భాష పట్టుబడ్డాక వెనక్కి వెళ్ళి, మీ అక్క పోయాక వచ్చిన మొదటిదాని నుంచీ లెక్కపెట్టాను.”

“ఉత్తరం రాసిన మనిషి తప్పులు లెక్కపెడతారా ఎవరైనా?”

“ఎర్ర పెన్ను చేతిలో ఉంటే అదే గీస్తుంది. చదువు.”

“మొదటి ఉత్తరం, ఇరవై మూడు. రెండు, పంతొమ్మిది. మూడు, ఇరవై ఆరు. శభాష్. నాలుగు, ఇరవై రెండు. ఐదు... ఇది సున్నాయేనా?”

“సున్నాయే.”

“ఆరు, సున్నా. ఏడు, సున్నా. పదకొండు దాకా సున్నాలే.”

“చూశావా? నా ఉత్తరాలు చదివి చదివి దారిలో పడింది. పద్ధతిగా నేర్చుకుంటే ఎవరికైనా వస్తుందని మీ అక్కతో ఎంత మొత్తుకున్నాను! వినిందా? ఆవిడ విన్నది.”

“బొమ్మలు వేస్తోందా ఇంకా?”

“మానేసింది. మంచిదే.”

“మొగుడి మీద చాడీలు?”

“అవీ మానేసింది. ఇప్పుడు ‘నా భర్త కుశలం’ అని రాస్తోంది. నన్ను చూసే నేర్చుకుంది.”

“చేతిరాత?”

“టైపు. కళ్ళు మసకగా ఉన్నాయట.”

“ఫోను పరీక్ష గురించి ఏమంది?”

“పాపం, ఇప్పటికి రెండుసార్లు ఆవిడే వాయిదా వేయించింది. గొంతు బాగాలేదట. గురువారం కూడా కుదరకపోతే ఇక లేదని కోర్సు వాళ్ళు ఇద్దరికీ రాశారు. ఎందుకలా చూస్తున్నావు?”

“బావగారూ, మీ క్లాసులో ఒక పిల్ల ఉందనుకోండి.”

“ఊఁ.”

“నాలుగు నెలలు ప్రతి హోంవర్కులోనూ ఇరవై తప్పులు. పుస్తకం నిండా పిచ్చి బొమ్మలు. ఐదో నెల నుంచి ఒక్క తప్పు లేదు, ఒక్క బొమ్మ లేదు. గీత గీసినట్టు ఉంది. మీరేమనుకుంటారు?”

“అనుకునేదేముంది? ఆ హోంవర్కు ఆ పిల్ల చెయ్యలేదు.”

“మరెవరు చేశారు?”

“ఇంట్లో ఎవరో. ఆ పిల్లలా కాకుండా, పద్ధతిగా ఉండేవాళ్ళు ఎవరో... ఆగు.”

“ఆగాను.”

“ఆ పట్టిక ఇలా ఇవ్వు. ఐదో ఉత్తరం పక్కన ఏం రాశాను?”

“‘మూడు వారాలు ఆలస్యం’ అని మీరే రాశారు.”

“ఆలస్యమైతే నేనేమనుకున్నానో తెలుసా? అభ్యాసం శ్రద్ధగా చేస్తోంది, అందుకే ఆలస్యమైంది అనుకున్నాను.”

“ఎర్ర పెన్ను కింద పెట్టండి. చొక్కాకి అంటుతోంది.”

“ఆవిడకి ఒంట్లో బాగులేకపోయి ఉండొచ్చు. మంచాన ఉంటే ఇంకెవరైనా రాసిపెట్టొచ్చు కదా?”

“ఉండొచ్చు. అలాగైతే ‘నాకు బాగులేదు, వేరేవాళ్ళ చేత రాయిస్తున్నాను’ అని ఒక్క ముక్క ఉండేది. ఏడు ఉత్తరాల్లో ఎక్కడైనా ఉందా?”

“లేదు. ‘నా ఆరోగ్యం కుదుటపడింది’ అని ఉంది.”

“మీరూ అదే రాశారు.”

“అవును. నేనూ అదే రాశాను.”

“గడియారాలాయన కూడా ఇరవై ప్రశ్నల పరీక్ష చేసి ఉంటాడు. రెండుసార్లు.”

“నవ్వకు.”

“నవ్వడం లేదు బావగారూ. నిజంగా.”

“నా ఉత్తరాలు చూసి ఆయనేమనుకుని ఉంటాడు? ఒకవేళ ఆయనా లెక్కపెట్టి ఉంటే?”

“మా ఆవిడ స్నేహితురాలు ఎంత చక్కగా నేర్చుకుందో అనుకుని ఉంటాడు.”

“గురువారం నాలుగింటికి...”

“గురువారం నాలుగింటికి అక్కడ ఫోను దగ్గర కూర్చునేది కూడా ఎవరి మరదలో. నేనూ ఆవిడా పది నిమిషాలు తప్పులు మాట్లాడుకుంటాం. పక్కన మీరిద్దరూ చెరో జాబితా పట్టుకుని నిలబడతారు.”

“వద్దు.”

“ఏమిటి వద్దు?”

“ఫోను వద్దు. నువ్వు మాట్లాడొద్దు. సర్టిఫికెట్టూ వద్దు. ఆ ఫ్రేము నువ్వు పట్టుకెళ్ళు, మీ అక్క వేసిన బొమ్మలేవైనా ఉంటే పెట్టుకో.”

“బూటు నక్క ఉంది నా దగ్గర. అది పెడతాను. మరి గురువారంలోపు మీరేం చేస్తారు?”

“ఎవరో ఒకరు ముందు చెప్పాలి కదా.”

“చెప్పాలి. దానికి మాటలు వచ్చా?”

“నిఘంటువు కొన్న రోజునే నేర్చుకున్నాను. ‘నా భార్య చనిపోయింది.’ ఆ భాషలోనూ మూడు మాటలే. పైకి అని చూసుకున్నాను కూడా, ఈ గదిలోనే. తప్పు రాలేదు.”

“మరి ఇన్నాళ్ళూ?”

“పదకొండు ఉత్తరాలు రాశాను. అందులో ఆ మూడు మాటలు రాయలేదు. ఆయన ఏడు రాశాడు. ఆయనా రాయలేదు.”